సాంచాలు ఆగిన శనివారం

సిరిసిల్లలో నేను పనిచేసే కార్ఖానాలో సాంచాలు ఆగాయంటే మాకు గుండె గుభేల్మనేది. సాంచాలంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకని మా ఆసామి, అంటే కార్ఖానా యజమాని, ఎవరినైనా తిట్టదలిస్తే ముందు మెయిన్ స్విచ్ ఆపేవాడు. అందరూ వినాలి కదా! "ఏందిరా, కండ్లు ఇంట్ల వెట్టి అచ్చినవా?" అని మొదలుపెట్టేవాడు. తిట్లు తినేది ఒక్కడే అయినా తలలు దించుకునేది అందరమూ. మనిషి చెడ్డవాడు కాదు, జ్వరమొస్తే మందులు కొనిచ్చేవాడు. తిట్లకు మాత్రం ఆయన దగ్గర కరువు లేదు.

నాకు విసుగొచ్చేసింది. కోరుట్లలో బట్టల దుకాణం నడిపే మా బావకు, సోమవారం నుంచి పనికి వస్తానని చెప్పేశాను. చేయి తిరిగిన పని వదిలేసి చీరలు మడతపెట్టుకుంటూ కూర్చోవాలని ఎవరికుంటుంది? అయినా సరే, పోదామనే అనుకున్నాను.

అప్పటికి ఆసామికి మోకాళ్ల నొప్పులు ముదిరి, కార్ఖానా కోడలి చేతికి వచ్చింది. జగిత్యాల పిల్ల, సాంచా మొహం ఎరగదు, ఈమె ఏం నడుపుతుందిలే అని మేమంతా చాటుగా నవ్వుకున్నాం. తప్పు కనిపిస్తే ఆమె సాంచా దగ్గరికే వచ్చి, చెవిలో రెండు ముక్కలు చెప్పి పోయేది. పక్కవాడికి కూడా తెలిసేది కాదు.

ఆ శనివారం హఠాత్తుగా సాంచాలన్నీ ఆగిపోయాయి. స్విచ్ దగ్గర ఆమె నిలబడి నా వైపే చూస్తోంది. పొద్దున పోగు తెగింది చూసుకోక కొంత బట్ట నేసేసి, తర్వాత అదంతా విప్పి మళ్లీ నేశాను. పని ఆలస్యమైంది. పోయే ముందు తిట్లు కూడా రాసిపెట్టి ఉన్నాయన్నమాట, అనుకున్నాను.

"అందరు జెర ఇనుండ్రి," అంది ఆమె. "పొద్దుగాల పోగు తెగిందని గీ అన్న నేసిన బట్టంత ఇప్పి మళ్ల నేసిండు. ఇప్పకున్నా ఎవ్వలకు తెల్వకపోతుండె. గిసొంటి బట్ట మన దగ్గర నేస్తున్నరంటె నాకు మస్తు గర్వంగున్నది."

ఇన్నేళ్లూ తిట్లు తప్ప ఏమీ వినపడని ఆ నిశ్శబ్దంలో ఒక మనిషిని మెచ్చుకోవచ్చని ఆమెకు ఎలా తట్టిందో! ఇప్పటికీ నాకది ఆశ్చర్యమే. గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న ఆసామి ఊరుకుంటాడా?

"గీ ముచ్చటకు సాంచాలు బందువెడ్తరా బిడ్డా? బట్ట తక్కువైతది," అన్నాడు.

"మీరు తిట్టెతందుకు బందువెట్టినప్పుడు తక్కువ కాలేదా మామా?" అని నవ్వి ఆమె స్విచ్ వేసేసింది. ఆయన ఏమన్నాడో ఆ మోతలో ఎవరికి తెలుసు!

సాయంత్రం బావకు ఫోన్ చేసి, రావడం లేదని చెప్పాను.

"కూలి పెంచిండ్రా?" అన్నాడు.

"లే బావా."

"మరి గా మోతల ఏమున్నదని?"

"సోమారం కొత్త పడుగు ఎక్కుతది బావా. నేను లేకుంటె ఎట్ల?"

ఫోన్ పెట్టేశాక ఆ మాట నాకే కొత్తగా తోచింది. అన్నేళ్లలో, నేను లేకపోతే ఆ కార్ఖానాకు ఏదో లోటవుతుందని నేను ఒక్కనాడూ అనుకోలేదు.