నీళ్ల మీద తేలే పండు

మధ్యాహ్నం అన్నాలయ్యాక బేగంబజార్‌లో మా గోదాం కాసేపు కునుకు తీస్తున్నట్టు ఉంటుంది. రేకుల సందుల్లోంచి ఎండ సన్నగా దిగి దుమ్ములో తేలుతుంది. బస్తాలు మోసిన ఒళ్లు కదా, గోడకి ఆనుకోగానే నా కళ్లు మూతలు పడతాయి. ఎదురుగా సత్తెమ్మ చాటలో ఎండు పండ్లు ఏరుతూ ఉంటుంది. ఆ చప్పుడు నా నిద్రలోకి వానలా వస్తుంది.

సత్తెమ్మది లాల్‌దర్వాజా. పెళ్లయిన కొత్తలో అత్త వెంట ఈ పనికి వచ్చింది. కిస్‌మిస్‌లో పుల్ల, ఖర్జూరంలో రాయి ఆమె వేళ్లకే తెలిసిపోతాయి. కళ్లు మాత్రం ఎక్కడో ఉంటాయి. ఏం చూస్తున్నావని అడిగితే, "పండ్లు పుట్టిన ఊరు చూస్తున్న పెంటన్నా" అంటుంది. కిస్‌మిస్ చేతిలో ఉంటే ఆమెకి కొండలు కనిపిస్తాయట, ఖర్జూరమైతే ఇసుక.

ఏరే ఆడవాళ్లకి ఒక అలవాటుంది. పొద్దున చాట ముందు కూర్చుంటే సాయంత్రం దాకా నీళ్లు ముట్టరు. లెట్రిన్ మేడ మీద ఉంది. దాని తాళంచెవి గల్లా దగ్గర, గుమస్తా నగేష్ చేతికింద ఉంటుంది. అంతమంది మగవాళ్ల మధ్యలోంచి వెళ్లి దాన్ని అడగడం కంటే గొంతు ఎండబెట్టుకోవడం నయం అనుకుంటారు. సత్తెమ్మకి పనితో పాటు ఇది కూడా అత్తే నేర్పింది.

అట్లా ఉండగా ఆమెకి మూత్రంలో మంట మొదలైంది. తగ్గేది, మళ్లీ వచ్చేది. వానాకాలం మొదట్లో చలిజ్వరంతో, నడుంనొప్పితో మంచం పట్టింది. బస్తీ దవాఖానలో డాక్టరమ్మ రాగసుధ మందులిచ్చి, ఇట్లాగే వస్తూ పోతే కిడ్నీలు చెడిపోతాయని, అప్పుడు ఏ పనీ చేయలేవని చెప్పిందట. ఆ మాటకి సత్తెమ్మ బాగా భయపడింది. చాట ముందు కూర్చోకుండా పొద్దు ఎట్లా గడుస్తుందో ఆమెకి తెలియదు.

ఆ రోజుల్లోనే గోదాంలోకి ఎండు క్రాన్‌బెర్రీలు దిగాయి. వాక్కాయల్లా పుల్లన, పొద్దుగూకే వేళ ఆకాశంలా ఎర్రన. మూత్రం మంటకి మంచివని నగేష్ ఎవరో గిరాకీతో చెప్తుంటే సత్తెమ్మ విన్నది. విరిగిన ముక్కలు తింటే సేటు ఏమీ అనడు. ఇక పొద్దంతా అవే నములుతూ కూర్చుంది. నీళ్లు మాత్రం ముట్టలేదు. పండు లోపలికి పోయింది కదా, మిగతాది అదే చూసుకుంటుంది అనుకుంది.

మంట మళ్లీ వచ్చింది. ఈసారి నేనే దవాఖానకి తీసుకెళ్లాను. పండ్ల సంగతి విని డాక్టరమ్మ కోప్పడలేదు.

"పండు మంచిదేనమ్మా. మాటిమాటికీ ఈ జబ్బు వచ్చేవాళ్లలో కొందరికి, మళ్లీ రాకుండా కొంచెం సాయపడుతుంది. వచ్చిన జబ్బుని మాత్రం తగ్గించదు, దానికి మందులే వాడాలి. పైగా ఈ ఎండు పండ్లకి చక్కెర పట్టిస్తారు, ఎక్కువ తినకండి. మరి నీళ్లు తాగుతున్నారా?"

సత్తెమ్మ తల దించుకుంది. "పనిల తాగమమ్మా."

నీళ్లు తాగకుండా, వచ్చినప్పుడు వెళ్లకుండా ఆపుకుంటే ఏ పండూ కాపాడలేదని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది.

మందుల కోసం బయట కూర్చున్నప్పుడు, ఆమె మనసు మళ్లిద్దామని ఆ పండు పుట్టిన ఊరు ఫోన్‌లో వెతికితే ఒక వీడియో దొరికింది. కోత వేళకి పొలం నిండా నీళ్లు పెట్టారు. పండ్లన్నీ తీగ వదిలి పైకి తేలాయి. కంటికి ఆనినంత దూరం ఎర్రటి నీళ్లు, వాటిలో నడుం లోతున మనుషులు నిలబడి పండ్లని మెల్లగా ఒడ్డుకి తోస్తున్నారు. సత్తెమ్మ రెప్ప వేయలేదు. వీడియో అయిపోయాక కూడా నల్లటి అద్దంలోకే చూస్తూ ఉంది.

"గిన్ని నీళ్లల్ల తేలిన పండు పెంటన్నా. నేనేమో ఎండిన నోట్ల ఏస్కొని నములుతున్న."

ఒళ్లు కుదుటపడ్డాక పనిలోకి వచ్చింది, సంచిలో నీళ్ల సీసాతో. మధ్యాహ్నం అందరూ చూస్తుండగా గటగటా తాగింది. కొంతసేపటికి చాట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని గల్లా దగ్గరికి నడిచింది. బస్తాల మీద కూర్చున్నవాళ్లు అటు తిరిగారు.

"ఏందక్కా, ఎటు?" అన్నాడు నగేష్.

"తాళంచెవి ఇయ్యి తమ్మీ. దవాఖానకు పోవుడు కంటే మేడెక్కుడు దగ్గర."

ఎవరో కిసుక్కుమన్నారు. నగేష్ నవ్వలేదు. తల ఎత్తకుండానే తాళంచెవి ముందుకు జరిపాడు.

ఆమె దిగి వచ్చి మళ్లీ గల్లా వైపు వెళ్లబోతుంటే, పక్క చాట దగ్గరి కళావతి చెయ్యి చాపింది. సత్తెమ్మ తాళంచెవి ఆ చేతిలో పెట్టి, తన సీసా కూడా అటు జరిపింది. ఆ పొద్దంతా తాళంచెవి ఆడవాళ్ల చేతుల్లోనే తిరిగింది. నేను గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాను. చాటల చప్పుడు మధ్యలో ఎవరో నీళ్లు తాగుతున్నది వినిపిస్తూనే ఉంది.