వాన పడేదాంక ఉంటానన్న ఖాలా

నా చిన్నప్పుడు, పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడు, రాంగోపాల్‌పేట్‌లో మా గల్లీ అంతా వాన కోసం ఏడ్చింది. వాన పడ్డాక ఏడ్చింది మాత్రం నేను. ఎందుకో చెబుతాను, తొందరపెట్టకండి. ఈ వయసులో నాకు ఏదీ తొందరగా చెప్పడం రాదు.

తొలకరి పడాల్సిన మిరుగం కార్తె వచ్చి వెళ్లిపోయింది, చినుకు లేదు. నల్లా తిప్పితే బుస్సుమని గాలి వచ్చేది. గల్లీ మొత్తానికి మిగిలింది ఒక్క చేదబావి. బొక్కెన, చాంతాడు ఎవరివి వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకుని తోడుకోవాలి, పనయ్యాక పట్టుకుపోవాలి. మా గల్లీ వాడుక అది. నీళ్లు అడుక్కి పోయేసరికి ఆ వాడుకే మా కొంప ముంచింది. పొడుగు తాడున్నవాళ్లకు నీళ్లు, పొట్టి తాడున్నవాళ్లకు ఏడుపు. మా తాడు నీళ్లకు అందకుండా గాల్లోనే వేలాడేది. అమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని తిరిగొచ్చేది. బావి దగ్గర ఆడవాళ్లు జుట్లు పట్టుకునేదాకా వచ్చింది.

నిజాం సర్కారు పోయింది, కొత్త సర్కారులో ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. చివరికి ఒక అధికారి జీపులో వచ్చి ఆ గొడవ కళ్లారా చూశాడు. మీలో ఒకరిని పెద్దగా పెట్టుకోండి, ఆ మనిషి మాట అందరూ వినాలి, రేపటికల్లా తేల్చకపోతే బావికి తాళం వేయించి పోలీసును కాపలా పెడతానని చెప్పి వెళ్లాడు. ఇక చూడండి, ప్రతి ఇంటాయనా పెద్దే! గొంతులు బొంగురుపోయాయి గానీ ఎవరికీ ఎవరూ ఒప్పుకోలేదు.

అసలు పెద్ద ఎవరో అందరికీ తెలుసు. పక్కింటి ఖాలా, అంటే పిన్నమ్మ. వాళ్లు ముస్లింలు, ఇంట్లో మాట్లాడేది మాలాగే తెలుగు. అంతకుముందు ఏ తగువైనా ఆమె గుమ్మంలోనే తీరేది. పోలీస్ యాక్షన్ తర్వాత దర్జీ పని చేసే ఆమె భర్త దుకాణానికి ఎవరూ వెళ్లలేదు, ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. భయమో, మరేదో. నన్నూ వెళ్లొద్దన్నారు. ఆమె చేతి సేమ్యా కోసం, ఆమె ఒడి కోసం నా ప్రాణం కొట్టుకునేది. ఔరంగాబాద్‌లో చుట్టాల దగ్గరికి వెళ్లిపోతున్నారని, పెట్టెలు కూడా సర్దేశారని అమ్మ గుసగుసగా చెప్పింది.

ఆ సాయంత్రం మా తాతయ్య చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని, నా చేయి పట్టుకుని, అందరూ చూస్తుండగా ఆ తలుపు తట్టాడు. ఆయన కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో బడిపంతులుగా స్థిరపడిన మనిషి.

"నేనేంది, పెద్దరికమేంది పంతులు సాబ్? నన్ను జూస్తెనే తలుపులేసుకుంటుండ్రు గద" అంది ఖాలా.

"తలుపేసుకున్నవాళ్లలో నేనూ ఉన్నానమ్మా. అందుకే వచ్చాను" అన్నాడు తాతయ్య, తల దించుకుని.

ఆమె నన్ను దగ్గరకు లాక్కుని, ఎండిన నా పెదవులు కొంగుతో తుడిచింది. "సరే. వాన పడేదాంక ఉంటా" అంది.

మర్నాడు పొద్దున్నే ఖాలా బావి గట్టు మీద కూర్చుని ఇంటింటి తాడూ తెమ్మంది. ఒకదానికొకటి ముడేసి ఒకటే పెద్ద తాడు చేసింది. అది ఎంత బరువంటే ఇద్దరు లాగితే తప్ప బొక్కెన పైకి రాదు. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదని ఆమె షరతు. అలా నిన్న జుట్లు పట్టుకున్నవాళ్లు ఇవాళ ఒకే తాడు పట్టుకున్నారు. పొడుగు తాడాయన ఒక్కడు మాత్రం ఇవ్వనన్నాడు. ఖాలా నవ్వింది. "ఉంచుకో బిడ్డా. నీళ్లు ఇంకా కిందికి పోతయి. గప్పుడు తెచ్చియ్యి, ముడేస్త." నీళ్లు దిగాయి, ఆయనా సిగ్గుపడుతూ తెచ్చాడు. అధికారి వచ్చి చూసి, తాళం సంగతి ఎత్తకుండానే వెళ్లాడు.

పసిపిల్లలున్న ఇళ్లకు ముందు, ఖాలా ఇంటికి అందరికంటే ఆఖరు. ఆమె వంతు వచ్చేసరికి బొక్కెనలో బురద. దాన్ని గుడ్డలో వడకట్టుకునేది. నేను ఉండబట్టలేక, ముందే తోడుకోవచ్చు గదా అని అడిగాను.

"నేను ముందు తోడుకుంటె అందరు నా బిందె దిక్కే చూస్తరు బిడ్డా. బాయి దిక్కు ఎవరు చూస్తరు?"

వాన పడింది. గల్లీ అంతా తడుస్తూ గంతులేసింది. తాళ్లు విప్పుకుందామని చూస్తే నానిన ముళ్లు రాలేదు. ఆ తాడు అలాగే గిలకకు ఉండిపోయింది. అంతలో ఖాలా ఇంటి ముందు టాంగా ఆగింది. ఉండిపొమ్మని అందరూ బతిమాలారు, పొడుగు తాడాయనైతే ఏడ్చాడు కూడా. "ఇప్పుడు పిలుస్తుండ్రు, సంతోషం. గని దుకాణం నడువనిది ఏం తిని బతకాలె?" అంది. నా తల మీద చేయి పెట్టి టాంగా ఎక్కింది. రాత్రీ పగలూ దేవుణ్ని అడిగి తెప్పించుకున్న వాన ఆమెను తీసుకుపోతుందని నాకేం తెలుసు?

ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్నాం. ట్యాంకర్ వచ్చినప్పుడు మా ఇంటి బకెట్లు వరుసలో చివర పెట్టిస్తాను. కోడలు విసుక్కుంటుంది, విసుక్కోనీ. ప్రతి ఏడూ ఎండలకు అందరూ మబ్బు కోసం ఎదురుచూస్తారు, నేనూ చూస్తాను. కానీ తొలి చినుకు పడగానే ముసలిదాన్ని, సిగ్గు లేకుండా, వానతో అంటాను: "జెర ఆగవే. ఇంకొక్క రోజు ఆగు."