నా కారులో పండిన ఉలవలు

సింహాద్రి అప్పన్న సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం. ఆయన్నే సాక్షిగా పిలవడానికి కారణముంది. కారు కొన్న రోజు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది ఆయన కొండ దిగువనే. ఆ కారు గురించి నేను అబద్ధమాడితే ముందు తెలిసేది ఆయనకే. నా మాటల్లో సగం కోసేసి వినడం స్నేహితులకు అలవాటు. ఈసారి కొయ్యకండి, పనికొచ్చే సగం పోతుంది.

మా అత్తగారిది విజయనగరం అవతల మెట్ట ఊరు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఏదీ అడగలేదు. నేను చెయ్యగలనన్న నమ్మకం లేకే అడగలేదని మా ఆవిడ వివరణ. ఈ మధ్య దువ్వాడలో మా ఇంటికి వచ్చినప్పుడు మొదటిసారి నోరు విప్పి, యారాడ సముద్రం చూపించమంది. బీచి రోడ్డులో కనిపించేది ఆవిడ లెక్కలో సముద్రం కాదట. కొండ ఎక్కి దిగుతుంటే కనిపించేది కావాలట. యారాడ కొండ ఎక్కేది ఇంజను బలం మీద, దిగేది బ్రేకుల దయ మీద. ఇన్నేళ్ళకు ఒక్క కోరిక కోరిన మనిషిని మలుపులో లోయ పాలు చేస్తే మా ఆవిడకు మొహం ఎలా చూపించను? ఆదివారం ప్రయాణం. ఆలోగా బ్రేకులు చూపించాలనుకున్నాను.

చూపించడానికి నాకో మెకానిక్ ఉన్నాడు. దువ్వాడ స్టేషను దాటాక రేకుల షెడ్డు అతనిది. ఊరందరి సంగతులూ అతనికి కావాలి, నోటికి అడ్డూ ఆపూ లేదు. అదైనా భరిస్తాను. ఏ కారు తీసుకెళ్ళినా చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజను చప్పుడు విని, "దీనికేటీ నేదు బావ, ఎల్లిపో" అంటాడు. అంత దూరం కారు వేసుకుని వెళ్ళిన మనిషికి ఒక్క జబ్బయినా చెప్పి పంపాలా వద్దా? ఆ అవమానం పడలేక అతని దగ్గరికి వెళ్ళడం మానేశాను.

అలా మద్దిలపాలెం దగ్గర, కాఫీ తాగేలోపు సర్వీసు చేసి ఇస్తామని బోర్డు పెట్టిన చోటికి చేరాను. బజారు పని ఉందని మా ఆవిడ కూడా వచ్చింది. లోపల ఏసీ ఎంత చలంటే, సోఫాలో మాకన్నా ముందు నుంచీ కూర్చున్న ఒక పెద్దమనిషి మీసాల మీద మంచు పట్టడం నా కళ్ళతో చూశాను. పని జరిగేది అద్దాల గోడ అవతల. అటు వెళ్ళకూడదట, మన క్షేమం కోసమేనట.

కాఫీ సగం అయ్యేసరికి టై కట్టుకున్న మేనేజరు ఒక ట్రేని రెండు చేతులా పట్టుకుని, ఆపరేషను థియేటర్లోంచి బయటికొచ్చిన డాక్టరులా మా ముందు నిలబడ్డాడు. ట్రేలో ఎయిర్ ఫిల్టర్. మట్టీ నూగూ పట్టి పాత కంబళిలా ఉంది.

మీ కారు ఇన్నాళ్ళూ దీంతోనే ఊపిరి పీల్చింది సార్ అని, అది నా తప్పయినట్టు నావైపు చూశాడు. నేను సిగ్గుపడ్డాను కూడా. ఆ సిగ్గు ఆరకముందే బ్రేకుల దగ్గరికి వచ్చాడు.

"ప్యాడ్లు పూర్తిగా పోయాయి సార్. వీటితో ఘాట్ రోడ్డు దిగితే మా పూచీ లేదు. ఫ్యామిలీ ఉన్నవారు, మీ ఇష్టం."

నేను బుర్ర ఊపుతున్నాను. మా ఆవిడ మాత్రం ట్రేని తనవైపు లాక్కుంది. కొట్లో కందిపప్పు కొనేటప్పుడు చూసే చూపుతో ఫిల్టర్‌ని చూసి, ఆ నూగు కాస్త గిల్లి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, మేనేజరుని కాదు, నన్నడిగింది.

"ఏవండీ, మన కారు ఉలవ కళ్ళంలోకి ఎప్పుడెల్లింది?"

వాళ్ళ ఊళ్ళో పంట కోతకొచ్చాక ఉలవ కట్టెను తారు రోడ్డు మీద పరుస్తారు. దారినపోయే బస్సులూ కార్లూ తొక్కి నూర్చి పెడతాయి, రైతుకు వేరే కళ్ళం అక్కర్లేదు. ఆ పొట్టు ఎగిరి బళ్ళలో దూరుతుంది. మా కారు మేముండే ఊరి పొలిమేర దాటిన పాపాన పోలేదు. వాళ్ళ ఊరు వెళ్ళాలంటే మేం రైలెక్కుతాం.

మా ఆవిడ ఫిల్టర్‌ని గాజు బల్ల మీద రెండుసార్లు తట్టింది. మడతల్లోంచి ఒక ఉలవగింజ టక్కున రాలి, దొర్లుకుంటూ వెళ్ళి నా కాఫీ కప్పు దగ్గర ఆగింది.

గాలికి వచ్చి ఉంటుంది మేడమ్ అన్నాడతను.

"దువ్వాడలో ఉలవలు కుక్కర్లో ఉంటాయి బాబూ, గాల్లో ఉండవు."

అంతట్లో మీసాల పెద్దమనిషి సోఫాలోంచి లేచి వచ్చాడు. ఇందాక తనకూ ఇదే ట్రేలో ఇదే ఫిల్టర్ చూపించారని, తనది అనుకుని కొత్తది వేయించుకోవడానికి ఒప్పుకున్నానని చెప్పాడు. ఆ ఫిల్టర్ అక్కడికొచ్చే కార్లన్నింటికీ ఉమ్మడి ఆస్తి అన్నమాట. ట్రేలు మారాయి, పొరపాటు అన్నాడు మేనేజరు. ఎర్రబడ్డ మొహంతోనే, బ్రేకుల సంగతి మాత్రం నిజం సార్ అని మళ్ళీ అన్నాడు.

గెలిచినట్టే బయటికొచ్చాం. కానీ కారులో కూర్చున్నాక నాకు అనుమానం పట్టుకుంది. ఫిల్టర్ విషయంలో అబద్ధమాడినవాడు బ్రేకుల విషయంలో పొరపాటున నిజం చెప్పి ఉంటే? వాడి మాట నమ్మితే వెధవనవుతాను. నమ్మకపోతే అత్తగారితో సహా లోయలో ఉంటాను.

తలొంచుకుని రేకుల షెడ్డుకు వెళ్ళాను. జరిగిందంతా చెప్పించుకుని, మధ్యలో రెండుసార్లు మళ్ళీ మొదటినుంచీ చెప్పించుకుని, మెకానిక్ అడిగింది ఒక్కటే.

"కాపీ బాగుందా బావ?"

తర్వాత నా ఎదురుగానే చక్రం ఊడదీసి, బ్రేకు ప్యాడ్ బయటికి లాగి నా చేతిలో పెట్టాడు.

"అట్టుకో. నాను సెప్తే నమ్మడం ఎందుకు, నీకు కళ్ళున్నాయి కదా."

పక్కనున్న చెత్తడబ్బాలోంచి ఎవరిదో అరిగిపోయిన ప్యాడ్ తీసి రెండో చేతిలో పెట్టాడు. అది అప్పడం. నాది గారె. మిగతా చక్రాలు కూడా విప్పి చూపించాడు. అన్నీ గారెలే. అప్పుడన్నాడు, దీనికేటీ నేదు బావ, ఎల్లిపో అని. ఆ మాట అంత తియ్యగా ఉంటుందని అంతకుముందు తెలియలేదు.

ఆదివారం యారాడ కొండ ఒంటిచేత్తో దిగాను. మలుపులో ఒక మేకపోతు అడ్డమొస్తే తొక్కిన బ్రేకుకు కారు ఎక్కడ ఆగిందంటే, దాని గడ్డం మా నంబరు ప్లేటును తుడిచింది. అత్తగారి ఒళ్ళో మూతలేని గిన్నెలో ఉలవ గుగ్గిళ్ళున్నాయి. ఒక్క గింజ కింద పడలేదు.

ఇప్పుడు ఒప్పుకోవాలి. అప్పన్నకు ఆ రోజే చెప్పుకున్నాను, మీకే ఆలస్యమైంది. మేకపోతు కల్పన. ఆ కారులో కొండ దిగడమూ కల్పనే. మిగతాదంతా, ఆ ఉలవగింజతో సహా నిజం. మీసాల మీద మంచు దగ్గర కొంచెం చూసీచూడనట్టు పోవాలి.

జరిగింది ఇది. కొండ ఎక్కడం ఎక్కాం. దిగుడు కనపడగానే బ్రేకు తొక్కాను, పట్టింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ పట్టింది. గారెలన్నీ నా చేత్తో పట్టుకుని చూసినవే. అయినా చెవిలో ఆ మేనేజరు గొంతు, ఫ్యామిలీ ఉన్నవారు అంటూ. నాకు బ్రేకులు అమ్మలేకపోయాడు గానీ, భయం మాత్రం ఉచితంగా బిగించి పంపాడు. కారు పక్కకు ఆపి, కిందికి పోతున్న ఆటో ఒకటి ఆపాను. మా ఆవిడ వాళ్ళమ్మను ఆటో ఎక్కించింది.

డ్రైవరు ఒక చెయ్యి హ్యాండిల్ మీద వేసి, వెనక్కి తిరిగి అత్తగారితో ఊరి కబుర్లు చెబుతూ మలుపులు దించుతున్నాడు. ఒక మలుపులో సముద్రం ఒక్కసారిగా ఎదురుగా లేచి నిలబడింది. అత్తగారు కళ్ళారా చూసింది. చూసి నావైపు తిరిగింది.

"బాగుంది బాబూ సముద్రం. మరి ఈ ఆటో బ్రేకులు ఎవులికి సూపించినారు?"

నా జవాబు కోసం డ్రైవరు కూడా పూర్తిగా వెనక్కి తిరిగాడు.