పసిగుడ్ల దిబ్బకు రెండో సాక్షి

1999 ఫిబ్రవరిలో నన్ను సింగపూరులోని మా సర్వే సంస్థలో స్థలనామాల విభాగానికి మార్చారు. ఆఫీసు జురాంగ్ ఈస్టులో. పాత పటాల మీది పేర్లన్నీ ఏడాది తిరిగేలోగా కంప్యూటరుకెక్కాలని హుకుం. పై అధికారి స్కాట్లండ్ మనిషి. అక్కడి కొండలకూ వాగులకూ ఉన్న గేలిక్ భాష పేర్లు ఊరూరా తిరిగి సేకరించినవాడు, అదే పద్ధతి మాకూ నేర్పాడు. ఒక్కో పేరుకు ఒక్కో ఫారం: పేరు, దాన్ని ఎన్ని రకాలుగా రాస్తారు, ఎలా వచ్చింది, ఎవరు చెప్పారు. వేర్వేరు ఇళ్లవాళ్లు ఇద్దరు, ఒకరి మాట ఒకరు వినకుండా, ఒకే సంగతి చెప్పాలి. అప్పుడే పేరు జాబితాకెక్కుతుంది. ఒక్కరే చెబితే ఫారం పెండింగు కట్టలో పడుంటుంది.

తెలుగువాణ్ణని ఇక్కడి పాత తెలుగు కుటుంబాలను నాకు అప్పగించారు. అలా చోవా చూ కాంగ్‌లోని ఫ్లాటులో అప్పలమ్మ గారిని కలిశాను. ఎనభై దాటిన మనిషి. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చిన కుటుంబం. తోట ఎప్పుడో పోయింది. అక్కడ వాగు పక్క మెరకను కూలీలు పసిగుడ్ల దిబ్బ అనేవారట. పురిట్లోనే పోయిన బిడ్డలను మనవాళ్లు దహనం చెయ్యరు కదా, అక్కడ పాతిపెట్టేవారు. ఆవిడ తొలిచూలు బిడ్డా అక్కడే ఉంది. రాయి లేదు, గుర్తు లేదు, పేరొక్కటే మిగిలింది.

"ముందు మకాన్ చెయ్యి, తర్వాత రాసుకుందువు" అని, భోజనానికి ఇక్కడి మలయ్ మాట వాడి, అన్నం పెట్టింది. "నా మనవలకి తెలుగే రాదు బాబూ. కాయితమ్మీద ఉంటే ఎవుడూ దాని మీద గునపం ఎయ్యడు."

ఈ సంగతి చెప్పగలవాళ్లు ఇంకెవరున్నారని అడిగాను.

"సెరంగూన్లో సింహాచలం ఒక్కడే ఉన్నాడు. ఆడి చెల్లిని కూడా అక్కడే పెట్టారు. బేగీ ఎల్లు, ఆడికి ఒంట్లో బాగోలేదు."

రైలూ బస్సూ కలిపితే గంటంబావు ప్రయాణం. నేను వెళ్లలేదు. అబద్ధమెందుకు, వారం వారం ఎన్ని పేర్లు ఎక్కాయో పైవాళ్లకు చూపించాలి. తేలిగ్గా తేలేవాటిని ముందేసుకుని, ఈ ఒక్కదాన్నీ వచ్చే వారం, వచ్చే వారం అంటూ తోసేశాను. నా బద్ధకం మండిపోను! రెండు నెలలకు ఫోన్ చేస్తే సింహాచలం గారి కోడలు ఎత్తింది. "మామయ్యకి స్ట్రోక్ వచ్చింది అంకుల్. ఇప్పుడు మాట్లాడలేరు, కెనాట్ లా" అంది, ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

నియమం ప్రకారం ఆ పేరు జాబితాకెక్కలేదు.

మరుసటి ఏడాది ఆ నేలలో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం భవనాలు తలపెట్టారు. తవ్వేముందు సమాధులేమైనా ఉన్నాయేమోనని మా జాబితానే చూస్తారు. ఉంటే ప్రకటన వేసి, అస్థికలు తీసి బంధువులకు అప్పగిస్తారు. జాబితాలో ఏమీ లేదు. యంత్రాలు దిగాయి. నాకు తెలిసేసరికి దిబ్బ చదునైపోయింది.

నేనే వెళ్లి చెప్పాను. అప్పలమ్మ గారు ఏడవలేదు. "మరి రాసుకున్నావు కదా బాబూ?" అంది. రాసుకున్నానన్నాను. సింహాచలాన్ని కలిశావా అంది. సమయానికి వెళ్లలేదని ఒప్పుకున్నాను. ఆవిడ ఆ మట్టి ఎక్కడ పోశారో కనుక్కోమంది. కనుక్కున్నాను. సముద్రం పూడ్చడానికి లారీల్లో తీసుకుపోయారు. ఏ మట్టి ఎక్కడ పడిందో చెప్పగలవాళ్లు లేరు. ఆ మాటా వెళ్లి చెప్పాను.

ఆ విభాగంలో ఇంకో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఇద్దరు సాక్షుల నియమం తప్పని అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. సాక్షి ముసలివాడైతే మిగతా పని ఆపి ఆ రోజే వెళ్లాలి. నేను నేర్చుకున్నది ఇంతే. నేర్చుకున్నది నేను, పోగొట్టుకున్నది అప్పలమ్మ గారు.