ఎర్ర అక్షరాల కింద బాలమణి ముఖం

2023 జూలై. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు వెళ్ళే దారిలో, ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఒక పోలీస్ స్టేషన్. దాని పేరు రాయను. అక్కడ ఇప్పుడు వేరేవాళ్ళు పనిచేస్తున్నారు. నేను అక్కడ ఏఎస్సైని, అంటే ఎస్సై కింద ఉండే సహాయ అధికారిని. కానిస్టేబుల్‌గా చేరి ఆ మెట్టు ఎక్కేసరికి జుట్టు తెల్లబడింది. రిటైరై దిగిపోవడానికి ఇంకా ఎనిమిది నెలలు ఉన్నాయి.

మోకాళ్ళు సహకరించక బందోబస్తుకు వెళ్ళలేకపోతున్నానని నాకు స్టేషన్ పేజీ అప్పగించారు. అందరి ఫోన్లలోనూ ఉండే ఆ ఫొటోల యాప్‌లో మాకూ ఒక పేజీ ఉండాలని, రోజుకొక ఫొటో అయినా పెట్టాలని పైనుంచి ఆదేశం. దీన్ని కమ్యూనిటీ అవుట్‌రీచ్ అంటారు. జనం మన గడప తొక్కకముందే మనం జనం గడపకు వెళ్ళడమన్నమాట. ఫొటోలు తీసి పెట్టేది కానిస్టేబుల్ శ్రావణి. కింద రాసే మాటల్లో తేదీ, ఊరు, పేర్లు సరిచూసేది నేను.

ఆ పేజీలో ఏముండేది? ఇన్‌స్పెక్టర్ గారు మొక్క నాటడం, హెల్మెట్ పెట్టుకున్నవాడికి గులాబీ పువ్వు ఇవ్వడం, మీటింగుల్లో వరుసగా నిలబడి దిగిన ఫొటోలు. రీచ్ అని ఒక లెక్క ఉంటుంది, ఫొటో ఎంతమంది కళ్ళబడిందో చెప్పే లెక్క. అది పెరిగిందని నెలవారీ సమావేశంలో మెచ్చుకునేవారు. ఎవరి కళ్ళబడిందని ఎవరూ అడగలేదు. ఒక ఆదివారం నేను కూర్చుని, లైకులు కొట్టిన పేర్లన్నీ చదివాను. పదిమందిలో ఏడుగురు మా శాఖవాళ్ళే. మిగిలినవాళ్ళు నాయకుల వెంట తిరిగే కుర్రాళ్ళు. స్టేషన్ చుట్టూ రేకుల గదుల్లో కిరాయికి ఉండే బిహార్, ఒడిశా పనివాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఆనాటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. తప్పు ఎక్కడుందో తెలుసు, ఏం చేయాలో తెలియదు.

అలా ఉండగా ఒక మంగళవారం మధ్యాహ్నం పెట్రోలింగ్ జీపులో ఒక ఆడమనిషిని తీసుకొచ్చారు. నలభై దాటి ఉంటుంది. చీర చెంగు చిరిగింది. చీరంతా వెంట్రుకలే. చేతిలో నిలువునా కోసిన గోనెసంచి. లోపల పిల్లలున్నారేమోనని, ఆమెను పట్టుకున్న గుంపు దాన్ని కోసేసిందట.

"కూసో బిడ్డ. నీళ్ళు తాగు. పేరేంది?" అని అడిగాను.

"బాలమణి. మాది జోగిపేట దిక్కు. ఎంటికలకు గిన్నెలిస్త."

"ఎన్నేండ్ల సంది?"

"పెండ్లైనకాడికెళ్ళి. మా అత్త గూడ గిదే జేసింది." ఒక గుక్క తాగి జీపు వైపు చూసింది. "అమ్మా, నా ఎంటికలు గా జీపుల వడ్డయి. ఊడ్వొద్దని జెప్పుండ్రి. ఎన్ని గల్లీలు దిరిగితె గన్ని అయినయో."

ఈ వ్యాపారం ఎరగనివాళ్ళ కోసం రెండు మాటలు. దువ్వుకున్నప్పుడు ఊడిన వెంట్రుకలను ఉండ చుట్టి, కవర్లో వేసి, కిటికీ సందులో పెట్టుకునే ఇళ్ళు మా దిక్కు ఇంకా ఉన్నాయి. బాలమణి లాంటివాళ్ళు "ఎంటికలకు గిన్నెలూ" అని కేక వేసుకుంటూ వచ్చి, వాటిని చిన్న కాటా మీద తూచి, స్టీలు గిన్నె ఇచ్చి వెళతారు. ఆ వెంట్రుకలు సవరాలు, విగ్గులు చేసేవాళ్ళకు పోతాయి. పిల్లలు గుప్పెడు తెస్తే గిన్నె రాదు కాబట్టి పీచుమిఠాయి ఇస్తారు.

కిష్టారెడ్డిపేటలో ఆమె ఒక పిల్లకు మిఠాయి ఇస్తుండగా ఏదో అపార్ట్‌మెంట్ పైఅంతస్తు నుంచి ఎవరో ఫొటో తీశారు. భుజాన సంచి, వంగిన మనిషి, చెయ్యి చాపిన పిల్ల. కింద ఇలా రాశారు: "మత్తు కలిపిన మిఠాయి పెట్టి పిల్లలను సంచిలో వేసుకుపోతోంది. అందరికీ పంపండి." అందరూ పంపారు.

శ్రావణి ఫోన్ చూపిస్తే బాలమణి ముందుకు వంగి చూసింది. "గిది నేనే. గీ పోరి వాళ్ళ నానమ్మ ఎంటికలు దెచ్చింది, మిఠాయి ఇచ్చిన. తప్పా?"

మా ఎస్సై ప్రవీణ్ మంచివాడు. వయసు చిన్నది, తొందర ఎక్కువ. వదంతి ఫొటో వస్తే మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే: ఆ ఫొటోనే తీసుకుని, దాని మీద అడ్డంగా ఎర్రని ఇంగ్లీషు అక్షరాలతో ఫేక్ అని కొట్టి, పైన పోలీసు గుర్తు పెట్టి, కింద నమ్మవద్దని నాలుగు లైన్లు రాయడం. అలాగే చేయమన్నాడు.

"ఇంగ్లీషు ఎంతమంది చదువుతరు సార్?" అన్నాను.

"ఫేక్ అంటె పిల్లగాండ్లకు గూడ తెలుసు మేడం," అని బాలమణి వైపు తిరిగాడు. "ఇగ నీకేం భయం లేదు. పోలీసోళ్ళే చెప్పినంక ఇంకెవడంటడు? నిమ్మళంగ బేరం జేస్కో, పో."

సాయంత్రానికి ఆ పోస్టుకు మా పేజీ మొత్తంలో ఎన్నడూ రానన్ని లైకులు. పై అధికారి ఫోన్ చేసి ప్రవీణ్‌ను అభినందించారు. నేను మళ్ళీ పేర్లు చదివాను. మళ్ళీ అవే పేర్లు. అయితే షేర్లు, అంటే చూసినవాళ్ళు ఇంకొకరికి పంపిన లెక్క, లైకులకు రెండింతలు దాటింది. ఇన్నిసార్లు ఎవరు ఎవరికి పంపుతున్నారు? ఇంటికి వెళ్ళినా ఫోన్ కింద పెట్టలేకపోయాను.

మరునాడు పదకొండు గంటలకు స్టేషన్ ఫోన్ మోగింది. హిందీలో ఒక మగగొంతు, గెలుపు నిండిన గొంతు.

"మేడం, ఓ ఔరత్ మిల్ గయీ!"

"కౌన్సీ ఔరత్?"

"జిస్‌కా ఫోటో ఆప్‌నే డాలా. కమ్రే మే బంద్ కియా హై. జల్దీ ఆయియే."

మీరు ఫొటో పెట్టిన ఆడమనిషి దొరికింది, గదిలో పెట్టి తాళం వేశాం, త్వరగా రండి అంటున్నాడు. ప్రవీణ్, నేను, శ్రావణి జీపెక్కాం. రోడ్డు మీద రెండు లారీలు ఎదురెదురుగా ఇరుక్కున్నాయి. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు, ప్రవీణ్ దిగి లారీవాళ్ళ మీద అరుస్తున్నాడు. ఆ గది తలుపు పలచని రేకుదై ఉంటుందని, రేకును ఎంతసేపటిలో వంచవచ్చోనని నేను ఆలోచిస్తున్నాను.

అది పనివాళ్ళకు అన్నం పెట్టే మెస్. నడిపేవాడు బిహార్ నుంచి వచ్చిన రామ్‌సేవక్. ఫోన్ చేసింది అతనే. పెద్ద గరిటె పట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ముందు యాభై మందైనా ఉంటారు, కొందరి చేతుల్లో ఇనుప రాడ్లు.

"ఎవ్వర్ని చెయ్యి పెట్టనియ్యలె మేడం," అన్నాడు వచ్చీరాని తెలుగులో. "పోలీస్ కా కేస్ హై, పోలీసే చూస్తది అని చెప్పిన."

"కేసని ఎవరు చెప్పిండ్రు నీకు?"

ఫోన్ తీసి మా పోస్టే మాకు చూపించాడు.

"ఏం రాసుందో చదివినవా?"

"పఢ్‌నా క్యా హై?" చదవడానికేముంది అని వేలితో ఒక్కొక్కటే చూపాడు. "ఊపర్ పోలీస్ కా నిషాన్. బీచ్ మే ఔరత్. లాల్ అక్షర్. వాంటెడ్ హై నా?"

పైన పోలీసు గుర్తు, మధ్యలో ఆడమనిషి, ఎర్ర అక్షరాలు. నేనూ ఆ ఫోన్‌ను కాస్త దూరం పెట్టి చూశాను. స్టేషన్ గోడకు మేము అతికించే నేరస్థుల పోస్టర్ అచ్చంగా అలాగే ఉంటుంది. ప్రవీణ్ రాడ్లు కింద పెట్టించి గుంపును వెనక్కి పంపాడు. రామ్‌సేవక్‌ను తప్పు పట్టే హక్కు మాకు లేదు. ఆమె బతికి ఉన్నది అతని గరిటె వల్ల.

లోపల ఉల్లిగడ్డ బస్తాల వెనక బాలమణి కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"మేడం, నిన్న మీరే ఇడిసిపెట్టిండ్రు కదా. మల్ల నన్నెందుకు వట్టియ్యమన్నరు?"

జీపులోనే ప్రవీణ్ ఆ పోస్టు తీసేయించాడు. దాని నకళ్ళు ఎన్ని ఫోన్లలో మిగిలాయో చెప్పే లెక్క ఏ యాప్‌లోనూ లేదు. స్టేషన్‌కు చేరాక ఆమెతో మెల్లగా అన్నాడు: "రెండు నెలలు ఊర్లెనే ఉండక్కా. అందరు మర్చిపోతరు."

"ఊర్లె ఫోన్లు లేవా సారు? మా అన్న కొడుకే ఫొటో జూపెట్టి, అత్తా నువ్వేనా అన్నడు. ఇంట్ల కూసుంటె నిజంగనే ఏదో జేసినట్టైతది. ఈ బేరం దప్ప నాకింకోటి రాదు."

కొత్తగా ఏదైనా పెడదాం, ముఖం మసక చేసి పెడదాం అంది శ్రావణి. బాలమణి ఒప్పుకోలేదు.

"నా ముఖం ఊరంత తిరిగొచ్చింది, ఇప్పుడు దాస్తె ఎట్ల? పని జేసేటప్పటి ముఖం జూపెట్టుండ్రి."

దారి ఆమే చూపింది. ఇక ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. నాకు రామ్‌సేవక్ ఫోన్ గుర్తొచ్చింది. మెస్‌లో ఆ పూట ఏం వండాడో ఫొటో తీసి అదే యాప్‌లో రోజూ పెడతాడు. షిఫ్ట్ దిగిన పనివాళ్ళు అది చూసుకుని తిండికి వస్తారు. మొక్కలు నాటే మా ఫొటోలు చూడని కళ్ళన్నీ అతని పప్పు గిన్నె మీద ఉన్నాయి.

మరునాడు మెస్ ముందే రీల్ తీశాం. రీల్ అంటే చిన్న వీడియో. శ్రావణికి ముందే చెప్పాను: పోలీసు గుర్తు వద్దు, సంగీతం వద్దు, ముఖం మీద ఒక్క అక్షరం కూడా పడకూడదు. మొదట రామ్‌సేవక్ హిందీలో ఈమె ఎవరో, తాను ఎలా పొరపడ్డాడో చెప్పాడు. తర్వాత నేను యూనిఫాంలోనే వెళ్ళి, ఇంటి నుంచి తెచ్చిన నా వెంట్రుకల కవర్ ఆమె ముందు పెట్టాను. ఆమె కెమెరా సంగతే మరిచిపోయి కవర్ విప్పి ముక్కు చిట్లించింది.

"తెల్లయి దెచ్చినవేంది మేడం? తెల్లయి కాటాకెక్కుతయి గాని ధరకెక్కయి."

"ఎంటిక ఎంటికే కదా! తూకంల తేడా ఉంటదా?"

"నల్లయి ఏరియ్యి, మంచి గిన్నె ఇస్త. గీటికైతె గిదే," అని అరచేతిలో పట్టే కటోరి ఒకటి తీసింది.

"దీంట్ల ఉప్పు గూడ పట్టది. ఇంత అన్యాలమా?"

"పోలీసోళ్ళకు బేరం జెయ్యనీకి రాదంటరు, నువ్వు బాగనే జేస్తున్నవ్," అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రెండు రోజుల్లో ఆమె మాటలో మొదటిసారి ఎత్తిపొడుపు వినిపించింది.

షిఫ్ట్ మారే వేళకు రామ్‌సేవక్ దాన్ని ఆనాటి వంట ఫొటో పక్కన పెట్టాడు. మా పేజీలో తర్వాత పెట్టాం. ఇక నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. ఆమె ముఖాన్ని మళ్ళీ మేమే ఊరి మీదికి వదిలాం. ఇదీ తప్పుగా చదివితే? ఫోన్ మోగినప్పుడల్లా మళ్ళీ దొరికిందంటారేమోనని నేనే ముందుగా వెళ్ళి ఎత్తాను. చివరికి కామెంట్లు మొదలయ్యాయి. ఒడిశా కుర్రాడొకడు మా అమ్మ కూడా ఇలాగే అమ్మేదని రాశాడు. ఆ తర్వాత అంతా నా కటోరి మీద తగాదానే. మేడం మోసపోయిందని కొందరు, తెల్ల వెంట్రుకలకు అదే ఎక్కువని కొందరు. నిన్న రాడ్లు పట్టినవాళ్ళలో ఎవరైనా ఆ తగాదాలో ఉన్నారా? కనిపెట్టడానికి నాకు దారి లేదు.

తర్వాతి వారం బాలమణి కొత్త సంచి కుట్టుకుని వచ్చింది. ఆమె ముందు, మామూలు చీరలో నేను కాస్త వెనక. మొదటి గల్లీని కేక వేయకుండానే దాటింది. రెండో గల్లీలో సన్నగా కేక వేసింది. తలుపులు కొన్ని తెరుచుకున్నాయి గానీ ఎవరూ బయటికి రాలేదు. ఉన్నట్టుండి వెనక నుంచి, "ఏయ్, ఆగు!" అని అరుపు. బాలమణి రాయిలా నిలిచిపోయింది. నేను మోకాళ్ళ సంగతి మరిచి ముందుకు ఉరికాను.

ఒక ఇల్లాలు తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఎటు వోయినవే ఇన్నొద్దులు? కిటికీల కవర్ నిండి బల్లులు గుడ్లు వెడుతున్నయ్!"

బాలమణి నేల మీద కూలబడి కాటా తీసింది. ముల్లు నిలవలేదు. రెండోసారి తూచింది.

అన్నీ సర్దుకున్నాయని రాస్తే అబద్ధం. ఫొటో పుట్టిన అపార్ట్‌మెంట్ల గేటు లోపలికి ఆమెను మళ్ళీ రానివ్వలేదు. దాన్ని తీసినవాళ్ళు మా రీల్ చూశారో లేదో తెలియదు. పీచుమిఠాయి డబ్బా ఆమె ఇంటి దగ్గరే వదిలేసింది. పిల్లలు గుప్పెడు వెంట్రుకలతో ఎదురొస్తే చేతులు వెనక్కి పెట్టుకుని, "మీ అమ్మను దోల్కరాపో," అంటుంది.

ఈ కేసు నాకు నేర్పింది చిన్నదే. ఎంతమంది చూశారన్న లెక్క కంటే, చూసినవాళ్ళకు ఏమని అర్థమైందన్నది ముందు తేలాలి. ఫొటోను జనం చదవరు, చూస్తారు. అందుకని ఆ తర్వాత ఏది పెట్టాలన్నా, ముందు చదువురాని మనిషికి ఒకరికి ఫోన్ చూపించి, ఏం సమజైందని అడిగేవాళ్ళం. నీళ్ళకో, నీడకో బాలమణి స్టేషన్‌కు వచ్చినప్పుడు ఆ పని ఆమెదే.

2024 ఫిబ్రవరిలో, నేను దిగిపోయే ముందు, ఆన్‌లైన్ మోసాల మీద ఒక పోస్టు తయారైంది. మధ్యలో మా ఇన్‌స్పెక్టర్ గారు వేలెత్తి హెచ్చరిస్తున్నారు. పైన శాఖ గుర్తు, చుట్టూ పెద్ద పెద్ద అక్షరాలు. శ్రావణి ఫోన్ ఇస్తే బాలమణి చాలాసేపు చూసి, నాలుక చప్పరించింది.

"సూస్తె పెద్దమనిషి లెక్కనే ఉన్నడు. ఎవల్ని ముంచిండు మేడం?"

ఆ పోస్టు మేము పెట్టలేదు.