పెద్దతీగగారి చిన్న పెట్టె

పగలంతా పళ్ళసెట్లు తయారుచేసి, సాయంత్రమయ్యేసరికి బేస్ గిటారు భుజానికి తగిలించుకునే మనుషులు లోకంలో ఎందరున్నారో గాని, ఆ వీధికి మాత్రం ఒక్కరే. ఆయన్ని పాటల బృందంలో పెద్దతీగ అనేవారు. గిటారుకున్న లావుపాటి తీగలవల్ల వచ్చిన బిరుదే తప్ప, మనిషి పుల్లలా ఉండేవాడు. ఆయన చేసిన పళ్ళతో ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళు హాయిగా నవ్వేవారు. ఆయన వాయిస్తే మాత్రం ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు. బేస్ పునాదిలాంటిది, పునాదిని ఎవడు చూస్తాడు అని ఆయన తన్ను తాను ఓదార్చుకునేవాడు.

ఆయనకు ఒక వాల్వుల యాంప్లిఫయరు ఉండేది. ఇనప్పెట్టెంత బరువు. స్విచ్చి వేశాక లోపలి గాజు వాల్వులు నిప్పుకణికల్లా ఎర్రబడేదాకా భక్తితో ఎదురుచూడాలి. ఈలోగా అత్తగారు దాని ముందు అరచేతులు కాచుకునేవారు. దానికి జోడీగా ఉన్న పాత స్పీకరు పెట్టె బీరువా అంత. ఒకనాడది మెట్ల మలుపులో అడ్డంగా ఇరుక్కుని, పై అంతస్తుల జనాన్నంతా మధ్యాహ్నందాకా గృహనిర్బంధంలో పెట్టింది.

"ఏమండీ, ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది భార్య.

ఆలోచించుకోవడానికి గడువెంత అని అడిగే ధైర్యం ఆయన గొంతుదాకా వచ్చి, అక్కడే కూర్చుండిపోయింది. పెద్ద పెట్టె వెళ్ళిపోయింది.

కొత్తది ఒడిలో పట్టేంత పెట్టె. వాల్వుల యాంప్లిఫయరుకు ఏ పెట్టె పడితే ఆ పెట్టె కట్టబెట్టకూడదు. దాని వెనక ఎనిమిది ఓములని రాసి ఉన్నచోట ఎనిమిది ఓముల పెట్టెనే తగిలించాలి. పెద్దతీగ కళ్ళజోడు పెట్టుకుని ఇటూ అటూ అంకెలు సరిచూసి, ఈడూజోడూ కుదిరిందని ప్రకటించాడు. బానపొట్ట పెళ్ళికొడుకు పక్కన చిట్టి పెళ్ళికూతురిలా ఉంది జంట.

అంతా బాగుండేది, ఆ పెట్టె ముందువైపు గుండ్రటి రంధ్రం ఒకటి లేకపోతే.

చిన్న పెట్టె మంద్రంగా పలకాలంటే గాలికొక దారి కావాలి. చేసినవాడు కొలిచి పెట్టిన గొంతు అది. కాని పెద్దతీగ చేతులు రెండు దశాబ్దాలుగా మనుషుల నోళ్ళలో ఖాళీలు పూడుస్తున్నాయి. ఖాళీ కనిపిస్తే అవి ఊరుకోవు. చిగుళ్ళకు వాడే గులాబీరంగు ముద్ద కలిపి, అచ్చు తీసి, నునుపు చేసి, ఆ రంధ్రానికి అతికినట్టు బిరడా బిగించాడు. పనితనానికి వంక పెట్టడానికి లేదు. పెట్టె మాత్రం మూగదైపోయింది.

బృందానికి పెద్ద, పాటగాడు బావమరిదే. రిహార్సల్లో వాడు పాట మధ్యలో ఆపి, "బావా, మొదలుపెట్టు" అన్నాడు.

"పాట మొదట్నుంచీ వాయిస్తూనే ఉన్నాన్రా!"

"నిజంగానా? డ్రమ్ములాయనా, నీకేమైనా వినబడిందా?"

"పక్కింట్లో ఎవరో మంచం జరిపినట్టుంది, అదేనా?" అన్నాడు డ్రమ్ములాయన.

"చూడు బావా, అక్క మొహం చూసి ఇన్నాళ్ళూ ఊరుకున్నా. శనివారం క్లబ్బులో కూడా నువ్వు వినబడకపోతే, నీ పని కీబోర్డు అబ్బాయి ఎడమచెయ్యి చూసుకుంటుంది."

తన జీవితసాధన ఒకడి ఎడమచేతి పాటి చెయ్యదన్నమాట! ఆ వారం పెద్దతీగ చేసిన పళ్ళసెట్లన్నీ కాస్త దిగులుగా నవ్వాయని ప్రతీతి.

శనివారం సాయంత్రం క్లబ్బు నిండింది. ముందు వరసలో భార్య, పక్కన అల్లుడు చేసిపెట్టిన పళ్ళసెట్టుతో అత్తగారు. మొదటి పాట అయిపోయింది. బేస్ చీమ నడిచినంత వినిపించింది. కీబోర్డు అబ్బాయి ఎడమచెయ్యి అప్పుడే వేళ్ళు విరుచుకుంటోంది. పెద్దతీగ పళ్ళు బిగించి, యాంప్లిఫయరు గుండీని తిరిగినంత మేరా తిప్పేశాడు. వాల్వులు భగ్గుమన్నాయి. పెట్టె కాసేపు వణికి, ఉక్కిరిబిక్కిరై, టప్పుమని బిరడాను కక్కేసింది.

అది గాలిలో ఎగిరి వచ్చి అత్తగారి ఒళ్ళో పడింది. ఆవిడ చూశారు. గులాబీరంగు చిగురు! తనదేనేమోనని నోట్లో వేలు పెట్టి పైవరసా కిందివరసా తడుముకున్నారు. రెండూ ఉన్నాయి.

"అల్లుడుగారూ, ఇదెవరిదో చూడండి! పాపం, ఎలా తింటారో!" అని బిరడాను పైకెత్తి కేక పెట్టారు.

ఆ కేక ఎవరికీ వినబడలేదు. ఎందుకంటే అప్పటికి బేస్ వచ్చేసింది. రంధ్రంలోంచి గాలి బుస్సుమంటుంటే ముందు వరస పైటలు రెపరెపలాడాయి. నేల అదిరింది, కుర్చీలు వాటంతటవే జరిగాయి, వాటిలో ఉన్నవాళ్ళు ఇక కూర్చుని లాభం లేదని లేచి గంతులేశారు. డ్రమ్ములాయన నవ్వాపుకోలేక కర్ర జారవిడిచాడు. భార్య చెవులు మూసుకుని, కళ్ళు మాత్రం బాగా తెరుచుకుని చూస్తోంది.

బావమరిది వెనక్కి తిరిగి అరిచాడు: "బావా, తగ్గించు! నా పాట నాకే వినబడట్లేదు!"

పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఎవరూ అనని మాట అది. పెద్దతీగ వాయించడం ఆపకుండానే చెవి ముందుకు వంచాడు. "ఏంట్రా?"

"నీ చోటు నీదే బావా, ఎక్కడికీ పోదు! తగ్గించమంటున్నా!"

వినబడింది. స్పష్టంగానే వినబడింది. అయినా ఇంకోసారి అనిపించుకోవాలనిపించి, "కాస్త గట్టిగా చెప్పరా!" అన్నాడు.