పోశవ్వ గీసిన సింహం

గడపకు పూయడానికి కోడలు గిన్నెలో నానబెట్టిన జాజు, ఆ ఎర్రమట్టి వాసన వంటింట్లోంచి నా మంచం దాకా వస్తోంది. నడుము మీద సర్పి పొక్కులతో వారం నుంచి ఒక పక్కకే ఒరిగి పడుకున్నాను. జగిత్యాల డాక్టరు ఇచ్చిన గోలీలకు మంట తగ్గుతోంది గానీ, ఈ వయసులో తగ్గడానికి కూడా ఓపిక కావాలి. పక్కన మనవరాలు ఫోన్లో మంత్రాల కథ చూస్తోంది. అందులో ఒకడు గాలిలో వేలితో ఏదో గుర్తు గీస్తే నిప్పురవ్వలు రాలి ఎదుటి గోడ చీలిపోతోంది. మా కాలంలో ఇట్లాంటి గుర్తులు కాగితం మీద వచ్చేవి, అంతే తేడా.

మేడిపల్లి దగ్గరి మా ఊళ్లో ఎండాకాలం మధ్యాహ్నాలు మా అరుగు మీద ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని, తడిపిన తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపి దారం చుడుతూ బీడీలు చేస్తుంటే, ఆ ఘాటుకు తుమ్ముతూ, అమ్మ ఒళ్లో పోసిన మక్కప్యాలాలు బుక్కుతూ, కోరుట్ల అంగడి నుంచి వచ్చిన వారపత్రికలో సీరియల్ నేను పైకి చదివేదాన్ని. ఒక వారం దొరికి మరో వారం దొరక్కపోయినా మా కథ ఆగేది కాదు, మధ్యలోది అరుగే కల్పించుకునేది. మంత్రగాడు శ్మశానంలో కుంకుమతో గుండ్రంగా గీత గీసి, లోపల ఆరు కోణాల చుక్క వేసి, నడుమ పుర్రె పెట్టేవాడు. ఆ బొమ్మ చూపిస్తే కత్తెరలన్నీ ఆగేవి. పట్టపగలు పదిమంది నడుమ కూర్చుని భయపడటం ఎంత హాయో అప్పుడే తెలిసింది.

అసలు గుర్తులు గీసే మనిషి మా ఇంటి వెనకే ఉండేది. కుమ్మరి పోశవ్వ. గోళ్లలో ఎప్పుడూ మట్టి, నోట్లో ఎప్పుడూ మాట, కుండల బేరంలో ఎవరికీ లొంగని మనిషి. సర్పి లేచిందంటే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. సర్పికి పాములా తలా తోకా ఉంటాయని, నడుము చుట్టి రెండూ కలిస్తే మనిషి దక్కడని నమ్మకం. అందుకే ఆమె పొద్దున్నే, పళ్లు కూడా తోమకముందు, జాజు కలిపి వేపపుల్లతో పొక్కులకు ఎదురుగా మంచి చర్మం మీద సింహం బొమ్మ గీసేది. నాకు చిన్నప్పుడు పక్కటెముకల మీద లేచినప్పుడు, ఏడుస్తూనే కిందికి చూసుకుని, పిల్లిలా ఉందన్నాను.

"పిల్లైతే ఏంది బిడ్డా, పాముకు పిల్లన్నా బయమే," అంది ఆమె, పుల్ల ఆపకుండా.

మంత్రమేమీ లేదు. గీసినంతసేపూ చల్లగా ఊదేది, మా మేక సంగతి అడిగేది. కథల్లో గుర్తు గీయగానే పని జరిగిపోతుంది, గీసిన చేయి ఎవరికీ గుర్తుండదు. నాకు మాత్రం ఆ చేయే గుర్తుంది.

మనుషుల ఒంటికి గీసిన జాజు మిగిలితే కాళ్ల కింద పడే చోట పారబోయకూడదని ఆమె పట్టింపు. మిగిలింది వేలితో తీసి పెరటి గోడకు పూసేది. ఏళ్ల తరబడి ఆ గోడ మీద ఎర్రటి చారలు, సున్నాలు పేరుకున్నాయి. ఒక వానాకాలం ఊళ్లో వరసగా దూడలు చచ్చాయి. మా అరుగు మీద బీడీలు చుట్టే ఒకామె ఆ గోడ చూసి, అచ్చం బుక్కులో ఉన్నట్టే ఉందని అంది. ఎక్కడా చుక్క లేదు, పుర్రె అసలే లేదు. కానీ ఆ వారం సీరియల్ అందరి కళ్లలోనూ ఉంది. సాయంత్రానికి పోశవ్వ బాణామతి చేస్తోందన్నారు. ఆమె చేతుల్లో నయమైన వాళ్లే ముందు నిలబడి అన్నారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

పెద్దలు పిలిచి ప్రమాణం చేయమన్నారు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.

"నాకు చుక్కలు గీసుడు రాదయ్యా. అచ్చింది ఒక్క సింహమే. గది గూడ పిల్లి లెక్కనే అస్తది."

ఎవరూ నవ్వలేదు. గోడ కడిగించారు. సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు నడిపే కొడుకు వచ్చి, ఇక్కడుంటే చంపుతారని ఆమెను తీసుకుపోయాడు. మా అమ్మ ఆ పత్రికలన్నీ పొయ్యిలో పెట్టింది. మరుసటి ఏడాది మా మేనమామ సర్పి లేచి నెలల తరబడి మూలిగాడు, గీసేవాళ్లు లేరు. ఆ ఇంటి జాగాలో ఇప్పుడు దుబాయి పైసలతో కట్టిన రెండంతస్తుల మేడ ఉంది. ఆ సింహం ఎట్లా గీయాలో తెలిసినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ లేరు.

మందులతో తగ్గుతుందని తెలిసీ, ఎందుకో మనవరాలిని జాజు గిన్నె తెమ్మన్నాను. పొక్కులకు దూరంగా, మంచి చర్మం మీద సింహం గీయమన్నాను. వేలు ముంచి ఆగిపోయింది.

"తప్పు గీస్తే ఏమైతది నానమ్మా? దయ్యం అస్తదా?"

"ఏం గాదు. పిల్లి అస్తది."

నవ్వుతూ గీసింది. మంట తగ్గలేదు గానీ, చిన్న వేలు చల్లగా నడుము మీద తిరుగుతుంటే కళ్లు మూసుకున్నాను. అయిపోయాక, మిగిలిన జాజు ఏం చేయాలని అడిగింది.

"బాత్రూంల పారబొయ్యి బిడ్డా," అన్నాను. "గోడకు మాత్రం రాయకు."